ఏడో ఇంటి తూము

మదనపల్లె,
23 అక్టోబర్ 1996

అన్నకు,

నువ్వు కుప్పంలో పని దగ్గర బాగున్నావని పోయిన వారం పుంగనూరు నుంచి వదిన రాసింది. మేమూ ఉన్నాం. క్షేమమా అంటే మాత్రం ఏం చెప్పాలో తెలియడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆదివారం ఆయుధపూజ. ఆయన బస్సుకు పూజ చేయించాలని డిపోకు పోయారు. పదకొండింటికి మొదలైన వాన మూడైనా తగ్గలేదు. వంక పొంగిందని వీధిలో అరుపులు. వంక రెండు వందల గజాల దూరం, మనకు మూడు మెట్ల ఎత్తుంది, భయమేముందిలే అనుకుంటూ వంటింట్లో ఉన్నాను. అంతలో మా అత్త చెంగమ్మ బాత్రూము దగ్గర నుంచి కేక వేసింది. "అమరా, ఈడేందో ఉడుకుతాండాది, రా!"

పోయి చూస్తే తూములో నుంచి నీళ్లు గుడగుడమని పైకొస్తున్నాయి. గడప దాటి వచ్చే వాన నీళ్లు కాదన్నా, ఇంటి లోపలే పుట్టుకొచ్చే నల్లటి నీళ్లు. గోనెపట్ట అదిమాను, పైకి లేచిపోయింది. చీపురుతో నెట్టాను, నెట్టినంతా తిరిగొచ్చింది. పావుగంటలో లెట్రిన్ నుంచి కూడా మొదలైంది. నడవాలో చీలమండ లోతు. బియ్యం మూట అడుగున తడిసింది. శ్రుతి పుస్తకాల సంచి తేలుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. వెనక నేలలో ఉన్న తాగే నీళ్ల తొట్టికి మూత వేసే ఉంది. లోపలికి పోలేదనే అనుకుంటున్నాను.

ఫోన్ చేయవచ్చు కదా అంటావేమో. వీధిలో ఉన్న ఒక్క ఎస్టీడీ బూతూ రాజగోపాల్‌ది. వీధి మొదట్లో రెండంతస్తులు కట్టుకున్నాయన, నీకు తెలుసు. అద్దాల తలుపు పక్కనే కుర్చీ వేసుకుని అందరి మాటలూ వింటాడు. మా ఇంట్లో మురుగు తేలిందని ఆయన చెవిన ఎట్లా వేసేది?

ఈ ఇల్లు కట్టింది నువ్వు. వీధిలో ఏడిండ్లకూ కలిపి పైపు వేసిందీ నువ్వే. మాది ఏడోది, చివరిది, అన్నింటికన్నా పల్లంలో ఉన్నది. ఆ పైపు సంగతి నీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఏం చేయాలో రాయి. మేఘాలు ఇంకా పోలేదు. ఆకాశం చూసుకుంటూ పని చేస్తున్నాను, ఏ పనీ తెమలడం లేదు.

నీ చెల్లెలు
అమరావతి


కుప్పం,
29 అక్టోబర్ 1996

అమరా,

నీ ఉత్తరం నిన్న అందింది. క్వార్టర్స్ మూడో అంతస్తు స్లాబు పనిలో ఉన్నాం, అందుకే ఒక రోజు ఆలస్యం.

చేయవలసినవి రాస్తున్నాను, బావకు కూడా చదివి వినిపించు. వాన పట్టగానే తూము మీద గుడ్డ కాదు, ఇసుక నింపిన సంచి పెట్టాలి. బాత్రూము గడప మీద రెండు వరుసల ఇటుకలు పెట్టించి సిమెంటు పూయించు. పైపు మూతి వంకకు పోయే పెద్ద కాలువలో కలిసే చోట ఇనుప జల్లెడ ఉంది. దానికి పట్టిన చెత్త వారానికొకసారి తీయించాలి. వాన పడుతున్నంతసేపు మీరు బట్టలు ఉతకవద్దు, నీళ్లు పోయవద్దు. తొట్టి నీళ్లు మొత్తం తోడి పారబోసి, బ్లీచింగ్ పౌడరు వేసి కడిగించు. అనుకోవడం కాదు, కడిగించు. కాచకుండా గుక్కెడు కూడా తాగవద్దు.

ఇక ఎందుకొచ్చిందీ అంటే, పైపులో ఏదో అడ్డం పడి ఉంటుంది. గంజి, కొబ్బరి పీచు, గుడ్డపేలికలు పోసేవాళ్లు ఎవరో ఉంటారు. అది పైపు తప్పు కాదు. చాంబరు మూత తీసి చూస్తే తెలుస్తుంది. అయితే ఈ పైపు గురించి వీధిలో వాళ్లతో పెద్దగా చర్చ పెట్టుకోవద్దు. ఒకే పైపు మీద ఉన్నవాళ్లు కదా, మాటా మాటా పెరుగుతుంది.

శ్రుతికి ముద్దులు.

సుదర్శన్


మదనపల్లె,
21 నవంబర్ 1996

అన్నకు,

నువ్వు రాసినవన్నీ చేశాం. ఇటుకలు పెట్టించాం, ఇసుక సంచి పెట్టాం. మొన్నటి వానకు ఆ సంచిని కూడా పక్కకు నెట్టి వచ్చాయి. ఇటుకలు కొంత కాపాడాయి, లెట్రిన్ వైపు నుంచి మాత్రం ఆపలేకపోయాం. ఆయన బెంగళూరు డ్యూటీలో ఉన్నారు. నేనూ అత్తా బకెట్లతో తోడుతూనే ఉన్నాం.

మరునాడు చాంబరు తీయించాను. నువ్వన్నట్టే కొబ్బరి పీచు దొరికింది, చేతికి ఒక గుప్పెడు. పక్కింట్లో, ఆరో ఇంట్లో, నాగమ్మక్క ఇడ్లీలు వేసి అమ్ముతుంది కదా. రోజుకు నాలుగు కొబ్బరికాయలు కొడుతుంది. ఆమెతో ఒక మాట అన్నాను. ఆమె దేవుడి మీద ఒట్టు వేసింది. "నేను పీచు పొయ్యిలో పెట్టుకుంటాను గదమ్మా, పైపులో యాల పోస్తాను?" అంది. నాకు నమ్మకం కుదరలేదు.

శ్రుతిని పుంగనూరులో వదిన దగ్గర దింపి వచ్చాను. ఇల్లు శుభ్రమయ్యే వరకు, బడికి కూడా నాలుగు రోజులు సెలవులు ఉన్నాయి కనుక. వదినకు కష్టమేమీ ఇవ్వదులే.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎక్కడ నీళ్ల చప్పుడైనా లేచి తూము చూసి వస్తున్నాను. ఆయన నన్ను చూసి నవ్వుతున్నారు, కానీ మొన్న ఆయన కూడా లేచి చూసి వచ్చారు.

అమరావతి


పుంగనూరు,
1 డిసెంబర్ 1996

అమరా,

ఇంటికి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. బడికి సెలవులని రాశావు. బిడ్డకు పచ్చకామెర్లని యాల రాయలేదు? వాకిట్లో నన్ను చూసి పరుగెత్తి వస్తుందనుకుంటే, మంచం మీద నుంచి చెయ్యి ఊపింది. కండ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మీ వదిన తులసమ్మ ఉప్పు లేని మజ్జిగన్నం పెడుతోంది. డాక్టరు నీళ్ల వల్ల వచ్చిందన్నాడు, పది రోజుల్లో తగ్గుతుందని కూడా అన్నాడు, కాబట్టి నువ్వు భయపడకు. తొట్టి మొదటి వారంలో కడిగించలేదని నీ కూతురు చెప్పింది. నా ఉత్తరం వచ్చేవరకు ఆ నీళ్లే తాగారంట.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టాను, అది నా వల్ల కావడం లేదు. మధ్యాహ్నం బిడ్డ పక్కన కూర్చుంటే అడిగింది. "మామా, మా ఇల్లు నువ్వే గదా కట్టింది? మరి నీళ్లు లోపలికి యాల వస్తాండాయి?" ఏదో పీచు అడ్డం పడిందని చెప్పాను. "గుప్పెడు పీచే గదా మామా, దానికే అన్ని నీళ్లా?" అంది. ఏడేళ్ల బిడ్డ. నేను లేచి బజారుకు పోయాను.

మీ ఇంటి నీళ్లు పెద్ద పైపులో కలిసే చోట ఒక తలుపు పెట్టాలి. ఇనుప రేకుకు రబ్బరు అంచు, పైన మడతబందు. మీ నీళ్లు బయటికి పోయేటప్పుడు తెరుచుకుంటుంది, అవతలి నీళ్లు తోసుకొస్తే మూసుకుంటుంది. కుప్పంలో ఒక కమ్మరి దగ్గర చేయిస్తాను. ఎనిమిదో తారీకు ఆదివారం వచ్చి బిగిస్తాను. అది మూసుకున్నంతసేపు మీరు చెంబు నీళ్లు కూడా పోయకూడదు, మీ నీళ్లే మీకు తిరిగొస్తాయి.

సుదర్శన్


మదనపల్లె,
17 డిసెంబర్ 1996

అన్నకు,

నువ్వు వచ్చిన రోజు అన్నం తినకుండా పోయావు. తలుపు బిగించి, చేతులు కడుక్కుని, రెండు గంటల బస్సు అన్నావు. వీధిలో నడుస్తూ రాజగోపాల్ మిద్దె వైపు ఒకసారి చూసి తల దించుకున్నావు. నేను వాకిట్లో నుంచి చూస్తూనే ఉన్నాను.

శనివారం పెద్ద వాన పడింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఒకటే పోత. నేనూ అత్తా బాత్రూము ముందర పీటలు వేసుకుని కూర్చున్నాం. లోపల ఎక్కడో దబ్‌మని తలుపు పడిన చప్పుడు వినిపించింది. అంతే, ఒక్క చుక్క రాలేదు. అత్త నవ్వుతూ, "మీ అన్న చెయ్యి బంగారం" అంది. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు పక్కింట్లో గిన్నెలు పడిన శబ్దం.

పరుగెత్తాను. నాగమ్మక్క ఇంట్లో మోకాలి కింది వరకు నీళ్లు. మాకు రావలసినవన్నీ ఆమెకు పోయాయి అన్నా. ఉద్దిపప్పు మూట, బియ్యం, పిండి గంగాళం, అన్నీ ఆ మురుగులోనే. ఆమె చీర ఎత్తి పట్టుకుని మధ్యలో నిలబడి ఉంది. నన్ను చూసి అడిగింది. "అమరావతమ్మా, మీ ఇంట్లో రాలేదా? యాల రాలేదు?" నేను బకెట్ తీసుకుని తోడడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నీకు దాచిన సంగతి రాస్తాను. నవంబర్‌లో ఆమెతో ఒక మాట అన్నానని రాశాను. ఒక మాట కాదు. పొద్దున ఏడింటికి, ఆమె ఇడ్లీల దగ్గర పదిమంది నిలబడి ఉండగా, ఆ పీచు తీసుకుపోయి ఆమె ముందర పడేశాను. "నీ ఇడ్లీలకు నా బిడ్డ మురుగు తాగి మంచాన పడింది" అన్నాను. అప్పటికే శ్రుతి కండ్లు పసుపెక్కాయి. మరునాటి నుంచి ఆమె దగ్గర కొనేవాళ్లు సగమయ్యారు. ఒంటి మనిషి. ఆ పొయ్యి మీదే బతుకు.

నాకు ఒకటి అంతు చిక్కడం లేదు. ఏడిండ్ల స్నానం నీళ్లు ఇన్ని ఉండవు. అందరూ ఒకేసారి బకెట్లు పోసినా ఇంత రాదు. పైగా శనివారం వచ్చిన నీళ్లు నల్లగా లేవు, పలచగా, మట్టి రంగులో, ఆకులతో వచ్చాయి. అన్నా, ఆ పైపులోకి ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

అమరావతి


కుప్పం,
27 డిసెంబర్ 1996

అమరా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఐదు రోజులు తిరిగాను. ఇక రాయక తప్పదు.

ఆ నీళ్లు మిద్దెల మీద నుంచి వస్తున్నాయి. నేనే కలిపాను.

మొదట వేసినప్పుడు ఆ పైపు స్నానం నీళ్లకూ, సెప్టిక్ ట్యాంకులు దాటి వచ్చే నీళ్లకూ మాత్రమే. ఆరంగుళాల పైపు వాటికి చాలు. ఇండ్లన్నీ అయ్యాక రాజగోపాల్ పిలిచి, "మేస్త్రీ, మిద్దె నీళ్లు మెట్ల ముందర పడి బురదైతాండాది, ఆ పైపులోకే ఇయ్యి" అన్నాడు. చాలదని చెప్పాను. "ఈ సీమలో వానలు యాడ ఉండాయప్పా?" అని నవ్వాడు. తర్వాత కుప్పంలో తన బామ్మర్దికి క్వార్టర్స్ కాంట్రాక్టు వచ్చిందనీ, నమ్మకమైన మేస్త్రి కోసం చూస్తున్నాడనీ అన్నాడు. పుంగనూరులో నాకు అప్పటికి ఆరు నెలలుగా చేతిలో పని లేదు. ఆ సాయంత్రమే కలిపాను. అది చూసి ఇంకో మూడిండ్ల వాళ్లు అడిగారు, వాళ్లకూ కలిపాను. పైన మట్టి కప్పి సిమెంటు పూశాను.

మామూలు వానకు ఏమీ కాదు. వంక పొంగి పైపు మూతి మునిగిందంటే, నాలుగు మిద్దెల నీళ్లకు పోయే దారి ఉండదు. పల్లంలో ఉన్న తూము వెతుక్కుంటాయి. పల్లంలో ఉన్నది నా చెల్లెలి ఇల్లని కలిపిన రోజు కూడా నాకు తెలుసు. అంత వాన రాదులే అనుకున్నాను.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు విషయం అర్థమైంది. గంజి, పీచు అని రాసింది నువ్వు వేరేవైపు చూడాలనే. ఎవరి పేరూ రాయలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. నాగమ్మ ఇడ్లీలు వేస్తుందని నాకు తెలియనిది కాదు. తలుపు బిగించిన రోజు, ఇక నీళ్లు ఆమె ఇంటికి పోతాయని కూడా తెలుసు. అందుకే అన్నం తినలేకపోయాను.

నువ్వేం చెప్తే అది చేస్తాను.

సుదర్శన్


పుంగనూరు,
6 జనవరి 1997

అన్నకు,

శ్రుతికి మళ్లీ జ్వరం తగిలితే ఇక్కడికి వచ్చాను. నీ ఉత్తరం ఆయన ఇక్కడికి పంపించారు. వదినకు చదివి వినిపించలేదు.

నన్ను అడుగుతున్నావు, ఏం చేయమంటావని. నా బిడ్డ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మదనపల్లెకు పో. పగటిపూట పో, ఆదివారం పో, అందరూ ఇండ్లలో ఉన్నప్పుడు. మా అత్త తలుపు తీస్తుంది. నాకు రాసిన మాటలు ఆ వీధిలో చెప్పు. నేను అక్కడ ఉండను. నేనుంటే నా మొహం చూసి చెప్తావు, అట్లా వద్దు.

ఇంతకంటే రాయలేను.

అమరావతి


మదనపల్లె,
20 జనవరి 1997

అమరా,

మీ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. మీ అత్త రాగిసంకటి చేసింది. ఈ పూట తిన్నాను.

నిన్న పొద్దున పార, సుత్తి, ఉలి తీసుకుని రాజగోపాల్ మెట్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. ముందు నాగమ్మను పిలిచాను. ఆమె చేతిలో గరిటెతోనే వచ్చింది. నేను గొంతు పెంచి, "ఈ వీధి పైపులో తప్పు ఈ యమ్మది కాదు, నాది. నాలుగు మిద్దెల నీళ్లు నేనే కలిపినాను. చాలదని తెలిసీ కలిపినాను" అన్నాను. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

రాజగోపాల్ దిగి వచ్చాడు. "ఏం మేస్త్రీ, పొద్దున్నే ఏం చేస్తాండావు?"

"కలిపింది విడదీస్తాండానప్పా."

"మరి మా మిద్దె నీళ్లు యాడికి పోవల్ల?"

"వీధి వారన మూత లేని కాలువ తవ్వుతాను. వాన నీళ్లు వానదారిన పోతాయి. మురుగు పైపులో మురుగే ఉంటాది."

"నాకు చెప్పకుండా ముట్టుకుంటే మా బామ్మర్దికి ఫోన్ చేస్తా."

"చెయ్యప్పా. బూతు నీదే గదా" అన్నాను. ఎవరో నవ్వారు. నేను ఉలి అందుకున్నాను.

ఆయన నిజంగానే లోపలికి పోయి ఫోన్ చేశాడు. నేను సిమెంటు పగలగొట్టాను. మూడో దెబ్బకు బావ వచ్చి పార పట్టుకున్నాడు. డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోలేదు. మిగతా మూడిండ్ల వాళ్లు కాసేపు గొణిగి, తర్వాత వాళ్ల ఇంటి ముందర వాళ్లే తవ్వుకున్నారు. రాజగోపాల్ గొట్టం చివరగా విడదీశాను. ఆయన అడ్డం రాలేదు, సాయమూ చేయలేదు.

పైపు మూతికి కూడా ఒక పెద్ద తలుపు పెట్టాలి, వంక నీళ్లు వెనక్కి తోసుకురాకుండా. కొలత తీసుకున్నాను, ఎండాకాలంలో బిగిస్తాను. వంక పొంగినప్పుడు ఏడిండ్లలోనూ ఎవరూ నీళ్లు పోయకూడదని అందరితో ఒప్పించాను. నాగమ్మ ఇంటికీ ఒక తలుపు చేయిస్తాను.

నాగమ్మ సాయంత్రం దాకా చూసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

కుప్పం పని ఇక లేదు. ఆ కబురు ఈ పొద్దున వచ్చింది. పుంగనూరుకు వచ్చి తులసమ్మకు నేనే చెప్తాను, నువ్వు చెప్పవద్దు.

సుదర్శన్


మదనపల్లె,
9 నవంబర్ 1997

అన్నకు,

గంగవరంలో నీకు బడి గదుల పని దొరికిందని వదిన రాసింది. సంతోషం. శ్రుతి ఇప్పుడు బాగుంది, తిండి దగ్గర పేచీలు మొదలుపెట్టింది.

నువ్వు అడగలేదు, నేనూ రాయలేదు. ఫిబ్రవరిలో ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను నాగమ్మక్కతో ఆ మాట ఎత్తలేదు. నువ్వు వీధిలో నిలబడి చెప్పావు కదా, ఇక నా మాట ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. నీ తప్పు వెనక నా తప్పు దాచుకున్నాను. కొనేవాళ్లు మళ్లీ వస్తున్నారు, ఆమె పొయ్యి మండుతోంది, సరిపోయిందనుకున్నాను. కానీ ఆమె వాకిలి దాటేటప్పుడల్లా నడక వేగం పెంచేదాన్ని.

నువ్వు ఎండాకాలంలో పైపు మూతికీ, ఆమె ఇంటికీ తలుపులు బిగించాక మొదటిసారి మొన్న గురువారం వంక పొంగింది. పోయినేటి వానకంటే ఎక్కువే. మా తలుపు పడిన చప్పుడు వినగానే నేను ఆమె ఇంటికి పోయాను. ఆమె తూము ముందర కూర్చుని ఉంది, మూటలన్నీ అటక మీద. నేను పక్కన కూర్చున్నాను. బయట వీధి వారన కాలువ నిండా ఎర్రనీళ్లు పరుగెడుతున్నాయి. రాజగోపాల్ మెట్ల ముందర మడుగు కట్టింది, ఆయన పంచె ఎగ్గట్టి పారతో దారి తీస్తున్నాడు. చాంబరు మూత తీసి చూశాను. నీళ్లు మూతకు జానెడు కింది దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఒక గంట, రెండు గంటలు. తర్వాత మెల్లగా దిగిపోయాయి.

"రాలేదక్కా" అన్నాను.

ఆమె తూము వైపే చూస్తూ అంది. "నీళ్లు రాలేదు, సరే. పోయినేడు నా వాకిట్లో నువ్వన్న మాట ఉండాదే, అది మాత్రం పోలేదమ్మా. ఈడనే ఉండాది."

నేను ఇంటికి వచ్చాను. ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు.

శుక్రవారం ఏడింటికి పోయాను. వాన వెలిసింది. పది పన్నెండు మంది ఉన్నారు, రాజగోపాల్ కూడా టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడ్డాడు. నేను ముందుకు పోయి అన్నాను. "పోయినేడు ఈ జాగాలోనే నిలబడి, ఈ యమ్మ వల్ల నా బిడ్డకు జబ్బు చేసిందన్నాను. అది అబద్ధం. ఆమె తప్పు ఏమీ లేదు. నా నోటిదే తప్పు."

నాగమ్మక్క ఇడ్లీ పాత్ర మూత ఎత్తి, ఆవిరి పోనిచ్చి, నా వైపు చూడకుండానే అంది.

"గట్టిగా చెప్పు. వెనకుండేవాళ్లకు వినపల్లేదు."

మళ్లీ చెప్పాను అన్నా. వీధి మొదటి దాకా వినపడేట్టు చెప్పాను.

అమరావతి